సూరతు చిత్రములలో తండ్రి

సూరతు నగరమును గూర్చి ప్రసిద్ధికెక్కిన ఛాయాచిత్రములలో కార్మికుడు కనిపించును, తండ్రి కనిపించడు. ఇరువురును ఒక్క మనిషియే యైనను చిత్రములలో మాత్రము వారు కలిసికొనరు. మగ్గము ముందు నిలిచినవాడు ఎవరికో తండ్రి యని చూపరికి తోచదు. ఇంటిలో గోడమీది పటమున కూర్చున్నవాడు మగ్గము నడిపినవాడని ఆ పటము చెప్పదు. ఈ రెంటి నడుమ నున్న ఎడము చిన్నది కాదు. గత ఐదు దశాబ్దులుగా పలు దేశముల ఛాయాగ్రాహకులు తమ తండ్రులను, తమ ఇండ్లలోని నిత్యజీవితమును వస్తువుగా గైకొని, ఏండ్ల తరబడి చిత్రములు తీసి, గ్రంథములుగా వెలువరించినారు. ప్రత్యేక ప్రక్రియ యని చెప్పదగినంతగా ఆ పని పెరిగినది. దాని విలువను తూచుటకు సూరతు మంచి గీటురాయి. ఏలనగా అచ్చటి మరమగ్గముల పేటలలో తండ్రి ఎప్పుడు ఇంటనుండవలెనో నిర్ణయించునది కుటుంబము కాదు, షిఫ్టు.

తెలుగు పాఠకులకు సూరతు పరాయి ఊరు కాదు. వరంగల్లు, కరీంనగరము, నల్లగొండ ప్రాంతముల పద్మశాలీలు చేతిమగ్గము కూడు పెట్టజాలని కాలమున బొంబాయికి, భివండికి, సోలాపురమునకు పోయినట్లే సూరతునకును పోయినారు. లింబాయత్ మొదలగు పేటలలో వారి ఇండ్లున్నవి. సూరతు నగరపాలక సంస్థకు చెందిన ప్రాథమిక విద్యాసమితి గుజరాతీ, మరాఠీ, హిందీ, ఉర్దూ, ఒడియా, ఆంగ్ల మాధ్యమములతోపాటు తెలుగు మాధ్యమమున కూడ బడులు నడిపినది. తెలుగునాటనే తెలుగు మాధ్యమము తరిగిపోవుచున్న దినములలో ఇది మరువదగిన సంగతి కాదు. సిరిసిల్ల నేతవారు మరమగ్గమును సాంచా యందురు. గుజరాతీలో యంత్రమునకు చెల్లు 'సంచో' అను మాటను అది గుర్తుచేయును. మనుష్యుల రాకపోకలు మాటలలో ఇట్లు జాడలు విడుచును. చిత్రములలో ఆ జాడ ఎంతవరకు నిలిచినదనునది ప్రశ్న.

సూరతు శ్రమజీవనమును చూపిన చిత్రములలో మొదట చెప్పదగినవి రవి అగర్వాల్ తీసినవి. డచ్చి సామాజిక శాస్త్రజ్ఞుడు యాన్ బ్రేమన్ 1962 నుండి దక్షిణ గుజరాతు గ్రామములలో, పట్టణములలో కూలీల బ్రతుకులను పరిశీలించినవాడు. ఆయనయు, అరవింద్ దాస్‌యు వ్రాసిన వ్యాఖ్యతో, అగర్వాల్ చిత్రములతో 2000 లో ఒక గ్రంథము వెలువడినది. చెరకు కోతవాండ్రు, ఇటుక బట్టీల కూలీలు, మరమగ్గముల పనివారు అందు కలరు. ఆ చిత్రములు 2002 లో జర్మనీలోని కాసెల్ నగరమున జరిగిన డాక్యుమెంటా ప్రదర్శనమున చోటు పొందినవి. వాని గుణము శంకింపరానిది. శ్రమను అందముగా చూపి చూపరిని ఊరడించు దుర్గుణము వానిలో లేదు. పని జరుగు చోటు ఇరుకును, దేహము వంగిన తీరును అవి దాపరికము లేక చూపినవి. ఐనను ఆ చిత్రములలోని మనిషికి పేరు కంటె ముందు వృత్తి వచ్చును. అది ఛాయాగ్రాహకుని లోపము కాదు. ఆయన పూనుకొన్న పని అట్టిది. ఒక ఆర్థిక వ్యవస్థను చూపదలచినవానికి మనిషి ఉదాహరణము కాక తప్పదు.

రెండవది రాహుల్ జైన్ తీసిన 'మెషీన్స్' అను డాక్యుమెంటరీ చిత్రము. 2016 లో వెలువడిన ఈ చిత్రము సూరతు దగ్గరి సచిన్ పారిశ్రామికవాడలోని బట్టల మిల్లులో తీయబడినది. మరుసటి యేడు సండాన్స్ చలనచిత్రోత్సవమున దీని ఛాయాగ్రహణమునకు బహుమానము వచ్చినది. రంగుల తొట్లు, ఆవిరి, పొడవైన చీకటి నడవలు, బట్టల గుట్టలపై నిదురించు మనుష్యులు, పనిచేయుచునే కునుకుపాట్లు పడు బాలుడు—ఇవి చూచినవారికి మరపునకు రావు. ఈ చిత్రమునకు ఒక కుటుంబకథ కలదు. దర్శకుని తాతకు సూరతులో బట్టల మిల్లు ఉండెడిది. పసితనమున ఆయన అందు తిరుగాడినాడు. అనగా ఇది ఒక రీతిగా మనుమడు తన ఇంటి వెనుకటి చరిత్రను చూడబోయిన పని. కాని తాత చిత్రమున లేడు. మిల్లు మాత్రమే ఉన్నది. కుటుంబమును తొలగించి యంత్రమును నిలుపుటలో దర్శకునికి ఒక నిజాయితీ ఉన్నదనవచ్చును. ఒక తప్పించుకొనుట కూడ ఉన్నదనవలెను.

ఆ చిత్రమున అన్నిటికంటె విలువైన ఘట్టము వేరొకటి. పనివారు గుంపుగా నిలిచి చిత్రము తీయువానినే అడుగుదురు: వచ్చి చూచి పోవువారు చాల మంది, నీవేమి చేయగలవు? ఈ ప్రశ్నకు చిత్రమున సమాధానము లేదు. దర్శకుడు దానిని కత్తిరించి పారవేయక ఉంచినాడు. అంతవరకు మౌనముగా చూడబడుచున్న మనుష్యులు ఆ క్షణమున చూచువారైనారు. ఇంటిలో తండ్రిని చిత్రించు ప్రక్రియయందును ఇదియే కీలకమని ముందు తేలును.

ఇక రెండవ వైపు: ఇంటి పటములు. తెలుగు శ్రామిక కుటుంబముల ఆల్బములను చూచినవారికి వాని క్రమము తెలియును. పెండ్లిపటము, బిడ్డ పుట్టువెంట్రుకల పటము, తిరుపతిలోనో వేములవాడలోనో తీయించుకొన్న పటము, వెనుక మేడయో జలపాతమో వ్రాసిన తెర ముందు నిలిచిన పటము. తండ్రి వీనిలో నిటారుగా నిలిచి కెమెరా వైపు చూచుచుండును. చేతులు ఏమి చేయవలెనో తెలియక తొడలకు అంటియుండును. రోజుకు పండ్రెండు గంటలు పనిచేయు చేతులకు పటములో మాత్రమే పని లేదు. పటమనగా పని లేని దినమున తీయించుకొనునది. కనుక పని ఆల్బములోనికి రాదు.

ఇందొక విచిత్రము. ఆల్బములోని తల్లి కట్టిన చీర తరచు సూరతు చీరయే. మరమగ్గముల నేతయు, అద్దకపు మిల్లులును కలిసి చౌకగా దేశమంతట పంచిన కృత్రిమ పట్టు, జార్జెట్టు చీరలు గడచిన నాలుగైదు దశాబ్దులుగా తెలుగు ఇండ్ల పటములను నింపినవి. బట్ట పటమున ఉన్నది. నేసినవాడు పటమున ఉన్నను నేతగాడుగా లేడు.

తండ్రి ఒంటరిగా ఉన్న పెద్ద పటము సామాన్య కుటుంబములలో ఆయన పోయిన తరువాతనే తయారగును. జీవించియుండగా ఒక్కనిని నిలిపి పటము తీయించు అలవాటు లేనందున, రేషను కార్డు కొరకో, బ్యాంకు పుస్తకము కొరకో తీసిన చిన్న ముఖచిత్రమును స్టూడియోవారు పెద్దది చేయుదురు. మాసిన చొక్కా తీసివేసి కోటు తొడుగుదురు. చెదరిన జుట్టు సవరింతురు. వెనుక నీలిరంగు పూయుదురు. దానికి దండ పడును, కుంకుమ పడును. ఒక గుమాస్తా ఎదుట రుజువు కొరకు తీసిన ముఖము బిడ్డలకు తండ్రి శాశ్వతరూపమగును. దీనిని హేళన చేయుట సులభము, అన్యాయము. ఆ కోటు తొడిగించిన కొడుకు అబద్ధమాడుటకు తొడిగించలేదు; బ్రతికియుండగా తొడుగజాలని గౌరవమును తొడిగించినాడు.

పేదలు మాత్రమే ఇట్టి కల్పన చేయుదురని తలపరాదు. న్యూయార్కులో బట్టల దుకాణము నడిపిన జాకబ్ ఇజ్రాయెల్ అవెడాన్ కుటుంబము తమవి కాని మోటారు కార్ల ముందు, తమవి కాని ఇండ్ల ముందు, అరువు తెచ్చిన కుక్కలతో పటములు తీయించుకొన్నదని ఆయన కుమారుడు రిచర్డ్ అవెడాన్ తరువాత వ్రాసినాడు. తామెవరో అను విషయమున ఆ పటములు అబద్ధములు. తామెవరు కాగోరిరో అను విషయమున నిజములని ఆయన భావము. ఈ కొడుకే పెద్ద ఛాయాగ్రాహకుడై 1969 నుండి 1973 వరకు, వ్యాధిగ్రస్తుడైన తండ్రిని తెల్లని తెర ముందు వరుసగా చిత్రించినాడు. తండ్రి 1973 లో మరణించినాడు. 1974 లో న్యూయార్కు ఆధునిక కళాసంగ్రహాలయమున ఆ చిత్రములు ప్రదర్శింపబడినవి. అవి గొప్పవని విమర్శకులు అంగీకరించినారు. కాని వానిని చూచునపుడు ఒక సందేహము వదలదు. అబద్ధపు కుక్కను తొలగించిన కొడుకు దానితోపాటు ఇంటిని, దుకాణమును, భార్యాబిడ్డలను, కుర్చీని సైతము తొలగించినాడు. మిగిలినది చావు ముఖము. ఆ ముఖమునకు తిరిగి మాటాడు చోటు ఆ తెల్లదనమున ఎచ్చటను లేదు. కోటు తొడుగుట ఒక రకపు అధికారమైనచో, అన్నియు ఊడదీయుట మరియొక రకపు అధికారము.

లారీ సుల్తాన్ ఈ చిక్కును బాగుగా ఎరిగినవాడు. కాలిఫోర్నియాలో నివసించు తన తలిదండ్రులను ఆయన 1980 దశాబ్దమంతయు చిత్రించి, 1992 లో 'పిక్చర్స్ ఫ్రమ్ హోమ్' అను గ్రంథము వెలువరించినాడు. తండ్రి అమ్మకములపని నుండి ఎదిగి ఒక క్షురకత్తుల వ్యాపార సంస్థలో పెద్ద ఉద్యోగి యై, అనుకొన్నదానికంటె ముందే పదవి నుండి తప్పింపబడినవాడు. పచ్చని తివాసీపై గోల్ఫు కర్ర ఆడించుచు ఇంటిలోనే సాధన చేయు తండ్రి చిత్రము చాల మంది ఎరిగినదే. మరియొక చిత్రమున తండ్రి సూటు తొడిగి, టై కట్టి, పరుపు అంచున కూర్చుండి ఎటో చూచుచుండును. ఉద్యోగము పోయిన మనిషి దైన్యమును ఆ చిత్రము పట్టినదని చూపరి అనుకొనును. అనుకొనునంతలో పుటలోని మాటలు అడ్డుపడును. ఆ కూర్చున్నవాడు నేను కాను, అది నీవు, నీ దిగులు నాకు అంటగట్టుచున్నావని తండ్రి నిర్మొహమాటముగా చెప్పును. కొడుకు ఆ మాటలను చిత్రము పక్కనే అచ్చు వేసినాడు. తలిదండ్రులు స్వయముగా తీసికొన్న ఇంటి చలనచిత్రములనుండి ఏరిన బొమ్మలను సైతము గ్రంథమున చేర్చినాడు. వారి కంటికి వారెట్లుండిరో, కొడుకు కంటికి ఎట్లుండిరో, రెండును పక్కపక్కన ఉన్నవి. ఏది నిజమని గ్రంథము తీర్పు చెప్పదు. 2023 లో ఇది నాటకరూపమున బ్రాడ్వే రంగస్థలమునకు ఎక్కినపుడు కథ అంతయు ఈ తగవు మీదనే నడిచినది. తండ్రి ఎదురుతిరిగినందుననే ఆ పుస్తకము నిలిచినది. ఆ మాటలు తీసివేసి చిత్రములను మాత్రమే ఉంచినచో అది చక్కని రంగుల సంపుటము మాత్రమై యుండును.

ఈ సందర్భమున భారతీయ అలంకారికుల పాత చర్చ ఒకటి పనికివచ్చును. ఉన్నదానిని ఉన్నట్లు చెప్పుట అలంకారమగునా? దండి స్వభావోక్తిని అలంకారములలో మొదట నిలిపినాడు. భామహునికి అందు ఉత్సాహము లేదు. కొందరు దానిని అలంకారమందురని ఊరకున్నాడు. కుంతకుడు తెగవేసినాడు: వస్తువు స్వభావమే అలంకారమైనచో ఇక అలంకరింపబడునది ఏది? ఇంటిలో తండ్రి టీ త్రాగుచుండగా తీసిన చిత్రమును చూచి, ఇందు కళ ఏమున్నదని అడుగువారు తెలియకయే కుంతకుని పక్షమున ఉన్నవారు. దీనికి మహిమభట్టు చెప్పిన సమాధానము నేటికిని పదునైనది. వస్తువునకు రెండు రూపములు. ఒకటి సామాన్యము, అందరి మాటలకు అందునది. రెండవది విశిష్టము, ప్రత్యక్షమునకు మాత్రమే అందునది. దానిని మాటలోనికి తెచ్చుటకు ప్రతిభ కావలెను. సామాన్యమును చెప్పిన స్వభావోక్తి ఊరక మాట. విశిష్టమును చెప్పినది కావ్యము.

కెమెరా ప్రత్యక్షమును పట్టు యంత్రము కనుక విశిష్టము దానంతటదే వచ్చునని తోచవచ్చును. అది పొరపాటు. కెమెరా అంత సులభముగ సామాన్యమును తయారుచేయు సాధనము మరియొకటి లేదు. పండ్రెండవ కూలీ పటమును చూచునప్పటికి మొదటి కూలీ ముఖము మరపునకు వచ్చును. 'కూలీ' అను మాట మిగులును. ఆల్బములోని తండ్రియు అంతే: నిటారుగా నిలిచిన తండ్రులందరును ఒక్కటే తండ్రి. సూరతు చిత్రములలోని రెండు పాయలును సామాన్యముననే ఆగిపోయినవి.

కాని విశిష్టమును మాత్రమే వెదకు తండ్రిచిత్రములకు వేరొక రోగము పట్టును. తండ్రి కళ్లజోడు, తండ్రి చెప్పులు, కిటికీ నుండి పడు వెలుతురు, మంచముపై ముడుత—ఇవి కొంతకాలమునకు మృదువైన ఒక రివాజుగా మారినవి. ఎచ్చటి తండ్రియో, ఏమి పని చేసినాడో, ఎవరికి ఎంత బాకీ పడినాడో తెలియదు. వెలుతురు మాత్రము బాగుండును. ఇట్టి గ్రంథములు ఇప్పుడు తక్కువ కాదు.

ఈ రోగమును తప్పించుకొన్నవారిలో మిచ్ ఎప్‌స్టీన్‌ను చెప్పవలెను. మసాచుసెట్సులోని హోల్యోక్ అను పాత మిల్లుల పట్టణమున ఆయన తండ్రికి సామానుల దుకాణము, అద్దె ఇండ్లు ఉండెడివి. 1999 లో ఇద్దరు బాలురు ఖాళీగా ఉన్న ఆయన ఇంటిలో ఒకదానికి నిప్పు పెట్టగా, మంటలు పక్కనున్న పాత చర్చికి అంటుకొన్నవి. తండ్రి పైని కోటిన్నర డాలర్ల దావా పడినది. కొడుకు ఇంటికి వచ్చి, దుకాణమును, ఆస్తిని, పట్టణమును, ఇంటిని నాలుగు భాగములుగా చిత్రించి 2003 లో 'ఫ్యామిలీ బిజినెస్' ప్రకటించినాడు. అందు తండ్రి మంచివాడో చెడ్డవాడో తేలదు. అద్దె వసూలు చేయు యజమానిగా ఆయన కఠినుడు. కూలిపోవుచున్న మనిషిగా జాలి గొలుపును. తండ్రిని యజమానిగా చూపగల ధైర్యము కొడుకులకు అరుదు.

సూరతునకు మరింత దగ్గర మేలుబంతి లాటోయా రూబీ ఫ్రేజియర్. పెన్సిల్వేనియాలోని బ్రాడక్ ఉక్కు పట్టణమున, 1875 లో కార్నెగీ నెలకొల్పిన మిల్లు నీడలో పుట్టిన నల్లజాతి యువతి ఆమె. అమ్మమ్మను, తల్లిని, తనను, మిల్లులో పనిచేసి ఒడలు పాడైన తాతను పదేండ్లకు పైగా చిత్రించి 2014 లో 'ద నోషన్ ఆఫ్ ఫ్యామిలీ' వెలువరించినది. మంచముపై తల్లి ఉన్న చిత్రమునకు ఎదురుపుటలో మూతపడిన ఆసుపత్రి ఉండును. వ్యాధి ఇంటిది, కారణము ఊరిది. రెండును ఒకే గ్రంథమున కట్టబడినవి. తల్లి కూడ కెమెరా పట్టి కొన్ని చిత్రములకు కర్త అయినది. మహిమభట్టు చెప్పిన విశిష్టమును విడువక, బ్రేమన్ వంటివారు చెప్పు సామాన్యమును విడువక, ఈ గ్రంథము నడిచినది. తండ్రి మాత్రము ఇందు అంచున ఉన్నాడు. మిల్లు తెచ్చిపెట్టిన వ్యాధిని మోసినవారు ఆ ఇంటిలో ఎక్కువగా స్త్రీలే కనుక అది న్యాయమే.

జపానీయుడు మసాహిసా ఫుకాసె దారి వేరు. హొక్కైదోలోని బిఫుకా అను చిన్న ఊరిలో ఆయన తాత 1908 లో పెట్టిన స్టూడియోను తండ్రి నడిపినాడు. కొడుకు తోక్యో నుండి వచ్చి, 1971 మొదలు 1989 వరకు, ఆ స్టూడియోలోనే, ఆ పాత కెమెరాతోనే కుటుంబమును వరుసగా నిలిపి చిత్రించినాడు. స్టూడియో పటపు నియమములనన్నిటిని పాటించుచునే వానిని ఎగతాళి చేసినాడు: ఇంటివారి నడుమ అర్ధనగ్నముగా ఒక పరాయి యువతిని నిలుపుట, అందరిని వెనుదిరిగి నిలువమనుట. ఆ ఎగతాళి కొంతవరకు చపలమే. కాని 1987 లో తండ్రి మరణించిన పిదప, వరుసలో ఆయన చోటున ఆయన పటము వచ్చి చేరగనే, అంతవరకు నవ్విన చూపరి నవ్వు ఆగిపోవును. తెలుగు ఇంటి దండపటమునకు ఇది ఎంత దగ్గరిదో చెప్పనక్కరలేదు. నిటారుగా నిలిచిన పటము సామాన్యమని పైన చెప్పబడినది. దానిని పదునెనిమిదేండ్లు మరల మరల తీసినచో విశిష్టమగునని ఫుకాసె నిరూపించినాడు. లింబాయత్‌లోని స్టూడియో తెరకును ఈ శక్తి ఉండవచ్చును. దానిని చిన్నచూపు చూచి, సహజమైన వెలుతురులోనే సత్యమున్నదనుకొనుట నాగరకుల మూఢనమ్మకము.

భారతదేశమున ఈ ప్రక్రియకు పూర్వులు లేకపోలేదు. ఉమ్రావ్ సింగ్ షేర్‌గిల్ తనను, తన భార్యను, కుమార్తెలు అమృతను, ఇందిరను దశాబ్దుల పాటు చిత్రించినాడు. ఆయన దౌహిత్రుడు వివాన్ సుందరం 2001 నుండి ఆ చిత్రములను ఒకదానితో నొకటి కలిపి కొత్తవి కల్పించినాడు. కళావిమర్శకుడై, లలితకళా అకాడమీ కార్యదర్శిగా పనిచేసిన రిచర్డ్ బార్తొలొమ్యూ ఢిల్లీలోని తన చిన్న ఇంటిలో భార్యను, ఇద్దరు కొడుకులను నిదురలో, చదువులో, జ్వరములో చిత్రించినాడు. ఆయన 1985 లో మరణించిన చాలకాలమునకు కొడుకు పాబ్లో వానిని సంపాదించి లోకమునకు చూపినాడు. సూరతు ఉన్న దక్షిణ గుజరాతుననే నవసారి, ఉద్వాడా వంటి పారసీ ఊళ్లు కలవు. బొంబాయి పారసీ సూనీ తారాపోర్‌వాలా తన ఇంటి పెద్దలతో మొదలుపెట్టి తన సమాజమంతటిని చిత్రించి, 2000 లో గ్రంథముగా తెచ్చినది. వీరందరి పని ఆదరణీయమే. కాని ఈ ఇండ్లన్నిటను పుస్తకములున్నవి, కిటికీలున్నవి, కెమెరా కొనగల స్తోమతు ఎంతో కొంత ఉన్నది. తండ్రికి తీరిక ఉన్నది. తీరిక లేని తండ్రిని ఎట్లు చిత్రింపవలెనో వీరివలన తెలియదు. తమిళనాట వాడిపట్టికి చెందిన జైసింగ్ నాగేశ్వరన్ 2020 లాక్‌డౌను కాలమున ఇల్లు చేరి, తన దళిత కుటుంబమును లోనుండి చిత్రించినపుడు ఆ తలుపు కొంత తెరువబడినది.

ఆ యేడే సూరతు వీధులు దేశమునకు కనిపించినవి. ఏప్రిలు, మే నెలలలో పని లేక, కూలి లేక, ఊరికి పోనీయుడని వలస కార్మికులు రోడ్డెక్కినారు. 1994 లో ప్లేగు వచ్చినపుడును, 2006 లో తాపీ వరద ముంచినపుడును సూరతు ఇట్లే పత్రికల మొదటి పుటకు వచ్చినది. ఆపద వచ్చినపుడు మాత్రమే కెమెరా ఈ పేటలకు వచ్చుననుట అతిశయోక్తి కాదు. భుజముపై బిడ్డనెత్తుకొన్న తండ్రి 2020 చిత్రములలో కొల్లలుగా ఉన్నాడు. తండ్రి కనిపించినాడు గదా యని సంతసింపరాదు. అతడు కూడ సామాన్యుడే: వలసతండ్రి.

ఇప్పుడు పరిస్థితి మారినది. సాంచా నడుపువాని ఇంటిలో సైతము సెల్‌ఫోనున్నది, దానిలో కెమెరా ఉన్నది. కొడుకునకు గాని కూతురునకు గాని తండ్రిని చిత్రించుటకు ఎవరి అనుమతియు అక్కరలేదు—తండ్రిది తప్ప. తీయవలసినది ఏమున్నది? రాత్రి షిఫ్టు చేసి వచ్చి పగలు నిదురించు తండ్రి ఉన్నాడు. ఆయన నిదుర చెడకుండ ఇంటివారు గొంతు తగ్గించి మాటాడు ఒక గది ఉన్నది. మగ్గముల హోరులో ఏండ్లు గడపి, ఇంటిలో కూడ బిగ్గరగా మాటాడు తండ్రి ఉన్నాడు; కోపము లేకయే కోపముగా వినిపించు ఆ గొంతు ఉన్నది. మీటర్ల లెక్క వ్రాసికొన్న చీటీ ఉన్నది. తెగిన పోగును కన్ను పెట్టి చూడకయే ముడివేయు వ్రేళ్లు, పండుగనాడు పని లేక మంచముపై తాళము వేయుచుండును. ఈ వ్రేళ్లు పరుల కెమెరాకు మగ్గము మీద మాత్రమే దొరకును. మంచము మీద దొరకునది బిడ్డలకే.

దొరకుట చాలదు. నిదురించు తండ్రి చిత్రము అన్నిటికంటె సులభమైనది, అన్నిటికంటె ప్రమాదమైనది. నిదురలో ఉన్నవాడు కాదనజాలడు. ఇరుకుగదిలో నోరు తెరచి నిదురించు నేతగాని చిత్రము ఢిల్లీలోనో కాసెల్‌లోనో గోడ కెక్కినచో ప్రేక్షకులకు జాలి కలుగును. ఆ జాలిని తండ్రి కోరెనా? తన కొడుకు బడిమిత్రులకు తాను కోటుతో కనబడవలెనని ఆయన అనుకొనవచ్చును. ఆ కోరికను అసత్యమని కొట్టివేసిన చిత్రకారుడు అవెడాన్ తెల్లతెరనే మరల తెచ్చినవాడగును. చూపించి, అడిగి, ఆయన చెప్పినది చిత్రము పక్కన వ్రాసినవాడు సుల్తాన్ దారిని నడిచినవాడగును. తండ్రి వద్దనినచో ఆ వద్దనుట కూడ గ్రంథమున ఉండవలెను. చిత్రము లేని పుటయైనను సరియే.

ఆ వ్రాయుట ఏ భాషలోనను ప్రశ్న చిన్నదిగా తోచును గాని కాదు. సుల్తాన్ తండ్రి మాటలలో అమ్మకముల పనివాని చమత్కారము, దబాయింపు, లోపలి బెదురు వినబడుటకు కారణము అవి ఆయన నోటి ఆంగ్లముననే ఉండుట. సూరతు తెలుగు నేతగాని సమాధానము కరీంనగరపు తెలుగున, నడుమ నడుమ గుజరాతీ, హిందీ మాటలు దొర్లుచు వచ్చును. బిడ్డ చదివినది గుజరాతీయో హిందీయో ఆంగ్లమో కావచ్చును; తండ్రి మాటను బడిభాషలోనికి మార్చి వ్రాయుటకు చేయి పోవును. మార్చిన మరుక్షణము తండ్రి మరల కార్మికుడగును, నివేదికలలో మాటాడు కార్మికుడు. పడుగు, పేక, కండె, నాడె అను మాటలకు అర్థము వ్రాయకయే వానిని అచ్చు వేయవచ్చును. చదువువాడు ఒకటి రెండు మాటల వద్ద తడబడినను, పక్కనున్న చిత్రమున ఆ వ్రేళ్లు కండెను పట్టియుండును.